ఏసీలో పండుగ చేసుకుంటున్నామట!

దసరా దగ్గర పడేసరికి వాట్సాప్‌లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతోంది. "బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లంత అదృష్టవంతులు లేరు. ఏసీలో, కొత్త చీరల మధ్య, బతుకమ్మ పాటలు వింటూ నెల ముందు నుంచే పండుగ. పైగా జీతం, బోనస్. కష్టం అనుకుంటే మానేయొచ్చు కదా" అని. వరంగల్‌లో చీరల కౌంటర్ వెనక కొన్ని దసరాలు గడిపినదాన్ని, ఒక్కొక్కటి చెప్తాను.

నెల ముందు నుంచే పండుగ అట. నెల ముందు నుంచి ఉండేది గిరాకీ, పండుగ కాదు. బతుకమ్మ ఆడేది సాయంత్రం, షాపులో జనం విరుచుకుపడేదీ సాయంత్రమే, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటి నుంచి చివరి రోజు సద్దుల దాకా, వాడకట్టు ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని వేయిస్తంభాల గుడికో, పద్మాక్షి గుట్టకో బయల్దేరే టైముకు మేము ఒకే గిరాకీకి పదో చీర విప్పి కొంగు చూపిస్తుంటాం, ఆమె "ఇదే డిజైన్ల వేరే రంగు లేదా చెల్లె" అంటుంటుంది. తంగేడు, గునుగు తెచ్చి, గునుగుకు రంగులద్ది, వరుసలు పేర్చాలంటే పగలంతా పడుతుంది. అది ఇంట్లో ఉన్నవాళ్లకే కుదురుతుంది. ఆరో రోజు బతుకమ్మ అలిగిందని ఆడరు కదా, ఆ రోజైనా షాపు కాస్త పల్చబడుతుందేమో అనుకుంటే, ఎలాగూ ఆట లేదని ఇంటిల్లిపాదీ షాపింగ్‌కు వచ్చేస్తారు!

పాటలు నిజమే. షట్టర్ ఎత్తినప్పటి నుంచి దించేదాకా అవే పాటలు తిప్పి తిప్పి వేస్తారు, మూడో రోజుకు ఉయ్యాలో అని వినబడితే తలనొప్పి మొదలవుతుంది.

ఏసీ కూడా నిజమే, కానీ ఏసీలో నిలబడినా కాళ్లు కాళ్లే. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చోవడానికి సీటు ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించుకున్నాయి. కూర్చోనివ్వండి అని చెప్పడానికి ఒక చట్టం కావాల్సి వచ్చిందంటే మిగతాది మీరే ఊహించుకోండి. మన దగ్గర 1988 నాటి దుకాణాల చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఉంది, దాటితే రెట్టింపు జీతం. సీజన్‌లో పొద్దున తొమ్మిదిన్నరకు వస్తే రాత్రి పదిన్నరకు గానీ వదలని చోట నేను పనిచేశాను. రెట్టింపు మాట ఎత్తితే "సాయంత్రం టిఫిన్ పెట్టిస్తున్నం కదమ్మా" అన్నారు.

ఇక బోనస్. అది సేటు దయతో ఇచ్చే ఈనాం అన్నట్టు రాశారు. 20 మంది, అంతకు మించి పనిచేసేచోట అర్హత ఉన్నవాళ్లకు కనీసం 8.33 శాతం బోనస్ చట్టం ఇచ్చిన హక్కు. అయితే ఏడాదిలో 30 పని దినాలైనా చేసి ఉండాలి, కాబట్టి సీజన్ కోసమని మూడు వారాలకు తెచ్చుకునే పిల్లలకు అది అందదు. నెత్తి మీద టార్గెట్ మాత్రం వాళ్లకూ ఉంటుంది.

అలాగని మాకు పండుగంటే విరక్తి పుడుతుందని జాలిపడేవాళ్లతో కూడా నాకు పేచీయే. మాకు దసరా ఇష్టమే. మొదటి జీతంతో అమ్మకు చీర కొనడానికొచ్చిన పిల్లకు తక్కువ ధరలో మంచిది వెతికి పెడితే ఆ రోజంతా హుషారుగానే ఉంటుంది. కౌంటర్ పిల్లలం సందు దొరికితే చేసుకునే ఎకసెక్కాలకు లెక్కే లేదు. మా గొడవ పండుగతో కాదు, సాయంత్రాలన్నీ గుంజుకునే డ్యూటీతో. సద్దుల నాడైనా వంతులేసుకుని సగం మందిని ఆరింటికి పంపిస్తే ఏం పోతుందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

మానేయొచ్చు కదా అంటే, మానేస్తారు, చాలామంది దసరా అయ్యాకే మానేస్తారు, ఎందుకంటే ముందే పోతే ఆపిపెట్టిన జీతం చేతికి రాదనే భయం. పండుగ నాడు బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవర్‌ను చూసి అయ్యో పాపం అంటారు, మమ్మల్ని చూసి అదృష్టం అంటారు! సద్దుల నాడు రాత్రి షట్టర్ సగం దించాక "ఒక్క బ్లౌజు పీసే చెల్లె" అంటూ వంగి లోపలికి దూరేవాళ్లలో ఈ మెసేజ్ పంపినవాళ్లు కూడా ఉంటారని నా గట్టి అనుమానం.