జీతం ఒక్కటే, దాని మీద అప్పులే ఎన్నో

బెంగళూరులో మనవాళ్లు నలుగురు కలిస్తే చాలు, మాట మార్కెట్ మీదికి మళ్లుతుంది. మారతహళ్లి మెస్సులో భోజనానికి కూర్చున్నా, శుక్రవారం రాత్రి కడప బస్సు కోసమో నెల్లూరు బస్సు కోసమో మడివాళలో నిలబడ్డా, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే వాయిదా) ఎంత కడుతున్నావు, ఫలానా షేరు ఏ ధరలో కొన్నావు, బంగారం ఇంకా పెరుగుతుందా అన్న ప్రశ్నలే వినిపిస్తాయి. ఎంత అప్పు ఉందని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరూ తమంతట తాము చెప్పరు. సెన్సెక్స్ పడిపోతుందేమోనన్న భయం కన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ మౌనమే. పెట్టుబడి అని మనం గొప్పగా చెప్పుకుంటున్న దానిలో ఎంత భాగం అప్పు సొమ్ముతో నడుస్తోందో, ఆ అప్పులన్నీ కలిసి ఒకే ఒక్క నెల జీతం మీద ఎలా ఆనుకుని ఉన్నాయో, ఆ జీతం కూడా ఒకే రంగం నుంచి వస్తోందన్న సంగతిని మనం ఎంత తేలికగా మరిచిపోతున్నామో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మన ఊళ్లలో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే ఇంట్లో పెళ్లో ఆపరేషనో ఉందనుకుంటారు. మూడు రూపాయల వడ్డీ అంటే పెద్దవాళ్లు పిలిచి మందలిస్తారు, పొలం మీదికి వస్తుందని హెచ్చరిస్తారు. అదే ఇంటి పిల్లవాడు బెంగళూరు వచ్చి నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీతో జేబులో కార్డు పెట్టుకుని తిరుగుతుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎందుకంటే దాని మీద విమానాశ్రయం లాంజ్ ఉచితమని రాసి ఉంటుంది. మా పక్క ఫ్లాట్‌లో ఉండే కర్నూలు అబ్బాయి ఒకసారి తన కార్డు బిల్లు తెచ్చి చూపించాడు. బాకీ 1,80,000 రూపాయలు, కనీసంగా కట్టవలసింది 9,000. "నెలకు తొమ్మిదివేలే గదన్నా, సంవత్సరంన్నరలో తీరిపోతాది" అన్నాడు. కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 6,300. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 1,134. అంటే అతను కట్టే తొమ్మిది వేలలో 7,434 రూపాయలు వడ్డీకీ పన్నుకే పోగా, అసలులో తగ్గేది 1,566 రూపాయలు. పైగా బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొనే ప్రతి వస్తువు మీద కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఇదే అబ్బాయి నెలకు పదివేలు సిప్ కడుతున్నాడు. ఏడాదికి పన్నెండు శాతం వస్తుందన్న ఆశతో ఒక చేత్తో దాచిపెడుతూ, ఏడాదికి నలభై రెండు శాతం ఖాయంగా ఖర్చయ్యే అప్పును మరో చేత్తో మోస్తున్నాడు. ఇదేమిటని అడిగితే "సిప్ ఆపకూడదంట గదా" అన్నాడు. ఆ మాట వీడియోలలో చెప్పేవారికి కార్డు బాకీ ముందు తీర్చమని చెప్పడానికి ఎవరూ కమీషన్ ఇవ్వరు మరి.

సిప్‌ను నేను తప్పుపట్టడం లేదు. 2024 అక్టోబరులో దేశంలో నెలవారీ సిప్ జమలు మొదటిసారి 25,000 కోట్ల రూపాయలు దాటాయి; చిట్టీలూ స్థలాలూ తప్ప మరొకటి తెలియని ఇళ్లలో ఇంత మార్పు రావడం మంచిదే. నా అభ్యంతరం, ఖాతాలో ఆస్తుల వైపు చూసి మురిసిపోతూ అప్పుల వైపు చూడకపోవడం మీద.

కార్డు వడ్డీకి చట్టం అడ్డుకట్ట వేస్తుందని ఎవరైనా ఆశపడితే, ఆ దారి మూసుకుపోయింది. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇక నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా రాసింది. వదులుకున్న డిస్కౌంటు రూపంలోనో, ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, వడ్డీ మీద జీఎస్టీ రూపంలోనో ఆ ఖర్చు కొనేవాడి దగ్గరికే చేరుతుంది. అలాగే "ఫ్లాట్ పన్నెండు శాతమే" అని ఫోనులో చెప్పే లక్ష రూపాయల అప్పును పన్నెండు వాయిదాలలో తీరిస్తే, తగ్గుతున్న అసలు మీద లెక్క వేసినప్పుడు అసలైన వడ్డీ ఇరవై ఒక్క శాతం దాటుతుంది. ప్రతి నెలా అసలు కొంత వెనక్కి ఇచ్చేస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న లక్ష మీదే పడుతుంది కాబట్టి.

ఈ విచ్చలవిడి అప్పుల సంగతి రిజర్వు బ్యాంకుకు తెలియనిది కాదు. 2023 నవంబరులో పర్సనల్ లోన్ల వంటి హామీ లేని వినియోగ రుణాల మీద రిస్క్ వెయిట్‌ను 100 నుంచి 125 శాతానికి, బ్యాంకుల క్రెడిట్ కార్డు బకాయిల మీద 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే అదే అప్పు ఇవ్వడానికి బ్యాంకు మునుపటికన్నా ఎక్కువ సొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి. బ్యాంకులు ఫైనాన్స్ కంపెనీలకు ఇచ్చే రుణాల మీద అప్పుడే బిగించిన పట్టును 2025 ఏప్రిల్ నుంచి సడలించారు గానీ, పర్సనల్ లోన్ల మీద బిగింపు అలాగే ఉంచారు. నియంత్రణ సంస్థ తన భాషలో ఇంతకన్నా గట్టిగా చెప్పదు. మన ఫోనులోకి మాత్రం "మీకు ఏడు లక్షలు ముందే మంజూరయ్యాయి" అన్న సందేశం వారం వారం వస్తూనే ఉంది.

అప్పు తెచ్చి ఎఫ్ అండ్ ఓ (షేర్ల, సూచీల ధర ముందు ముందు ఎటు పోతుందోనని పందెం కట్టే ఫ్యూచర్స్, ఆప్షన్స్ కాంట్రాక్టులు) ఆడేవారి గురించి కొంచెం కటువుగానే రాయవలసి వస్తుంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ విభాగంలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. కాంట్రాక్టుల కనీస పరిమాణం పెంచి, వారం వారం వచ్చే ఎక్స్‌పైరీలను (కాంట్రాక్టు గడువు ముగిసే రోజులను) ఒక్కో ఎక్స్చేంజికి ఒక్కదానికి తగ్గించాక కూడా, 2024-25లో 91 శాతం మంది నష్టాల్లోనే ఉన్నారని, ఆ ఏడాది నికర నష్టం 1.05 లక్షల కోట్లని సెబీ మళ్లీ లెక్క తేల్చింది. 2023-24లో ఈ ఆట ఆడినవారిలో ముప్పై ఏళ్ల లోపువారు 43 శాతం. నాలుగింట మూడు వంతులకు పైగా తమ వార్షికాదాయం ఐదు లక్షల లోపేనని చెప్పుకున్నవారు. అదే ఏడాది విదేశీ సంస్థాగత మదుపరులు ఖర్చులు తీయకముందు సుమారు 28,000 కోట్లు సంపాదించారు, అందులో 97 శాతం కంప్యూటర్లు తమంతట తాము నడిపే అల్గారిథమ్ ట్రేడింగ్ ద్వారా వచ్చింది. మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ రోజున ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతూ ఫోనులో కొనేవాడికి ఎదురుగా నిలబడి ఉన్నది ఆ యంత్రాలే. ఈ మధ్య టెలిగ్రామ్ గుంపులు పెట్టి తెలుగులో "కాల్స్" ఇచ్చేవారు కూడా ఎక్కువయ్యారు. సెబీ నమోదు సంఖ్య ఏదని అడిగి చూడండి, వెంటనే మిమ్మల్ని గుంపులోంచి తీసేస్తారు.

ఇంతవరకు రాసింది చాలామందికి తెలిసిన విషయమే. తక్కువగా చర్చకు వచ్చేది, నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఫ్లాట్ల కొనుగోలు. 75 లక్షలు మించిన గృహరుణంలో బ్యాంకు ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నియమం. కోటి రూపాయల ఫ్లాట్ కొనాలంటే పాతిక లక్షలు సొంతంగా పెట్టుకోవాలి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు దానికి అదనం. ఆ పాతిక లక్షలు కొనేవాడు పొదుపు చేసిన సొమ్మై ఉంటుందని, ధర పాతిక శాతం పడినా బ్యాంకు అసలుకు మోసం రాదని, సొంత డబ్బు పోతుందన్న భయంతో కొన్నవాడు వాయిదాలు ఎగ్గొట్టడని ఆ నియమం వెనుక ఉన్న ఆలోచన. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల మనవాళ్లు ఆ సొమ్ము తెస్తున్న తీరు చూడండి. పది లక్షలు పర్సనల్ లోన్, ఊళ్లో అమ్మ నగలు కుదువ పెట్టించి ఎనిమిది లక్షలు, మిగిలినది మామగారి దగ్గర చేబదులు. ఎనిమిది శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు 75 లక్షల గృహరుణం వాయిదా దాదాపు 62,700. పదమూడు శాతంతో ఐదేళ్లకు పర్సనల్ లోన్ వాయిదా దాదాపు 22,750. నగల మీద పది శాతం చొప్పున వడ్డీ నెలకు మరో 6,700. అంటే నెలకు 92 వేలు, అందులో మామగారి బాకీ లెక్కే లేదు, అపార్ట్‌మెంటు నిర్వహణ ఖర్చూ లేదు. కాగితం మీద ఇది 75 శాతం రుణంతో కొన్న ఇల్లు, నిజానికి నూటికి నూరు శాతం అప్పుతో కొన్న ఇల్లు. బ్యాంకుకు రక్షణగా ఉండవలసిన ఆ పాతిక శాతం కూడా మరోచోట అప్పుగా కూర్చుంది.

ఇప్పుడు ఆ ఇంటి యజమాని ఉద్యోగం పోయిందనుకుందాం. ఐటీ రంగంలో కోతలు ఒక్కరికే రావు, వచ్చినప్పుడు వీధి మొత్తానికి వస్తాయి. జీతం ఆగిన నెలలోనే అతని చేతిలోని కంపెనీ షేర్ల విలువా తగ్గుతుంది, ఎందుకంటే కోతలకూ షేరు పతనానికీ కారణం సాధారణంగా ఒకటే. ఫ్లాట్ అమ్ముదామంటే అదే అపార్ట్‌మెంటులో అతనిలాంటి మరో పదిమంది అమ్మకానికి పెట్టి ఉంటారు, కొనవలసినవారూ అదే రంగంలో పనిచేసేవారు. సిప్ ఆపి, మ్యూచువల్ ఫండ్లు అమ్మి వాయిదా కడదామంటే మార్కెట్ దిగువన ఉన్న రోజే అమ్మవలసి వస్తుంది. షేర్లు, ఫండ్లు, ఇల్లు, బంగారం అని నాలుగు చోట్ల డబ్బు పెట్టి రిస్కును విడదీశామని మనం అనుకుంటాం గానీ, ఆ నాలుగింటినీ మోస్తున్నది ఒక్క ఆఫీసు గుర్తింపు కార్డే.

బంగారం విషయం విడిగా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలు దాటాక, పాత నగల మీదే మరింత అప్పు పుడుతోంది. చాలామంది ధర పెరిగిందన్న ధైర్యంతో పాత లోను మూసి, అదే రోజు పెద్ద లోనుగా తిరగరాయించుకుంటున్నారు. వడ్డీ కూడా కొత్త అప్పులోంచే కడుతున్నారు. బంగారు రుణాల మంజూరులో, తిరగరాతల్లో అక్రమాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2024 సెప్టెంబరులోనే సంస్థలను హెచ్చరించింది. తర్వాత 2025 జూన్‌లో వచ్చిన నియమాలు చిన్న రుణాలకు కొంత వెసులుబాటు ఇచ్చాయి: రెండున్నర లక్షల లోపు అప్పుకు నగ విలువలో 85 శాతం దాకా, ఐదు లక్షల లోపు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చు. చేతిలో పైసా లేని రైతుకు అది మేలు. బెంగళూరు ఫ్లాట్ కోసం ఊళ్లో కుదువ పెట్టిన నగలకు మాత్రం ధర ఒక్కసారి గట్టిగా తగ్గితే వేలం నోటీసు కొడుకు ఫోనుకు రాదు, తల్లి ఇంటికి వెళ్తుంది.

మన అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేయడానికి కోలారు నుంచో చిత్తూరు నుంచో వచ్చిన తెలుగు ఆడవాళ్ల అప్పులు వేరే రకం, గుంపుగా ఇచ్చే సూక్ష్మరుణాలు. వసూలు వేధింపులు భరించలేక జనం ఊళ్లు వదిలిపోతున్నారన్న వార్తల తర్వాత కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు తెచ్చింది. గవర్నరు మొదట తిప్పిపంపి, తర్వాత సంతకం చేశారు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆర్డినెన్సు గుర్తున్నవారికి ఇది కొత్త కథ కాదు. అప్పట్లో వేధింపులు తగ్గాయి, వసూళ్లు కుప్పకూలాయి, సంస్థలు రాష్ట్రం వదిలాయి, జనం మళ్లీ పాత వడ్డీ వ్యాపారి గడప తొక్కారు. వేధించడం నేరమని చట్టం చెప్పవలసిందే. ఒకే మనిషికి నలుగురు పోటీపడి అప్పు ఇవ్వడాన్ని ఆపకుండా వసూలు దగ్గర మాత్రమే అడ్డుపడితే, ఆ ఫలితమే మళ్లీ వస్తుంది.

మొత్తం ఖర్చుతో కలిపి అసలు వడ్డీ ఎంతో చెప్పే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌ను అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఒక రుణ సంస్థ ఏజెంటును మా బంధువు తరఫున అది తెలుగులో ఇవ్వమని అడిగితే, "సార్, ముందు ఓటీపీ చెప్పండి, పేపర్లు తర్వాత మెయిల్ చేస్తాం" అన్నాడు. వద్దని ఫోను పెట్టేశాను. ఆ కాగితం చదివాక సంతకం చేయనివారు కొందరైనా ఉంటారని అతనికి తెలియకపోదు.

అప్పుల వివరాలు పదిహేను రోజులకోసారి, ఎవరికి ఎంత అప్పుందో నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలకు పంపాలన్న నియమం 2025 జనవరి నుంచి అమలులోకి రావడంతో, ఒకే నెలలో రెండు మూడు యాప్‌లలో అప్పు తీసుకుని ఒకరి అప్పు మరొకరికి తెలియకుండా దాచడం కొంత తగ్గవచ్చు. నేను కోరేది మరొక అడుగు. గృహరుణం మంజూరు చేసే ముందు కొనేవాడి వాటా డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో బ్యాంకు నిజంగా చూడాలి, గత ఆరునెలల్లో తీసుకున్న పర్సనల్ లోన్‌నూ బంగారు రుణాన్నీ సొంత సొమ్ముగా లెక్క వేయకూడదు. అలా చేస్తే ఈ నగరంలో కొన్ని ఫ్లాట్లు అమ్ముడుపోక మిగిలిపోతాయి, కొందరు బిల్డర్లు ధర తగ్గించవలసి వస్తుంది, కొందరు బ్యాంకు మేనేజర్లకు లక్ష్యాలు అందవు. వీళ్లెవరి మీదా నాకు పెద్దగా జాలి లేదు.