దించడం వేరు, ఎక్కించడం వేరు

2022 జులై 9న కొలంబోలో జనం అధ్యక్ష భవనంలోకి దూసుకెళ్లారు. కొందరు ఈతకొలనులో దూకారు, కొందరు అధ్యక్షుడి మంచం మీద పడుకుని సెల్ఫీలు దిగారు. ఆ వీడియోలు దాదాపు అందరూ చూసే ఉంటారు. నాకు మాత్రం ఇంకో దృశ్యం గుర్తుండిపోయింది. ఆ భవనంలో నోట్ల కట్టలు బయటపడ్డాయి. కుర్రాళ్లు కొందరు వాటిని ముందేసుకుని లెక్కపెట్టారు. దాదాపు 1.78 కోట్ల శ్రీలంక రూపాయలు తేలాయి. తలా ఒక కట్ట జేబులో వేసుకున్నా ఆ రోజు అడిగేవాళ్లు లేరు. వాళ్లు మాత్రం మొత్తం పట్టుకెళ్లి పోలీసులకు అప్పజెప్పారు. పాలకుణ్ణి వద్దనుకున్నారు గానీ, అసలు ప్రభుత్వమే వద్దనుకోలేదన్నమాట.

వాళ్లు తరిమింది తుపాకీతో గద్దెనెక్కిన నియంతను కాదు. గోటాబయ రాజపక్స 2019 నవంబర్ ఎన్నికల్లో 52.25 శాతం ఓట్లతో గెలిచారు. 69 లక్షల మందికి పైగా ఆయనకు ఓటేశారు. ఓడిపోయిన అభ్యర్థి హుందాగా ఓటమి ఒప్పుకున్నారు. తొమ్మిది నెలల తర్వాత జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో 225 సీట్లలో 145 ఆయన పార్టీకే వచ్చాయి. పదవీకాలం 2024 నవంబర్ దాకా ఉంది. అంతమంది ఓటేసి కూర్చోబెట్టిన మనిషిని సగంలో లేపే హక్కు రోడ్డు మీదికి వచ్చినవాళ్లకు ఎక్కడిది?

దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. గెలిచినవాడి జోలికి గడువు తీరేదాకా ఎవరూ వెళ్లకూడదనేది ఒకటి. జనం తిరగబడ్డారంటే అదే తీర్పు, ఇక ఎన్నికలతో పనేంటనేది రెండోది. మొదటిది అధికారంలో ఉన్నవాళ్లు చెప్పే మాట, రెండోది ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు చెప్పే మాట. కుర్చీలు మారగానే ఈ మాటలు కూడా చేతులు మారతాయి. అందుకే రెండింటినీ నేను పెద్దగా నమ్మను.

గోటాబయకు పడిన ఓట్లు దేనికి పడ్డాయో చూద్దాం. 2019 ఈస్టర్ ఆదివారం నాడు చర్చిలు, హోటళ్లలో బాంబులు పేలి 250 మందికి పైగా చనిపోయారు. ఆ భయంలో ఉన్న జనానికి ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన, రక్షణ శాఖ కార్యదర్శిగా యుద్ధం నడిపించిన మనిషి కావాలనిపించింది. పన్నులు తగ్గిస్తానన్నారు, తగ్గించారు. ఖజానాకు గండి పడింది. చెప్పి చేసిన పనే కాబట్టి దాన్ని ఓటర్ల నెత్తిన కూడా కొంత వేయొచ్చు. ఎరువుల సంగతి అలా కాదు. పదేళ్లలో మెల్లగా సేంద్రియ సాగుకు మళ్లిస్తానని మేనిఫెస్టోలో ఉంది. 2021లో ఉన్నట్టుండి రసాయన ఎరువుల దిగుమతినే ఆపేశారు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, రైతులు గగ్గోలు పెట్టారు. కొన్ని నెలలకు నిషేధం ఎత్తేశారు గానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. పదేళ్ల పనికి ఇచ్చిన ఓటును రాత్రికి రాత్రి చేసిన పనికి కూడా చెల్లుతుందని ఎలా అంటాం?

2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. మందులు లేవు. డీజిల్ లేదు. కరెంటు కోతలు రోజుకు 13 గంటల దాకా వెళ్లాయి. బంకుల ముందు క్యూల్లో నిలబడి కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. అదే ప్రధానమంత్రి చేతిలో పగ్గాలుండే వ్యవస్థ అయితే అవిశ్వాస తీర్మానంతో కథ ముగిసేది. శ్రీలంకలో అధ్యక్షుణ్ణి దించాలంటే పార్లమెంటులో మూడింట రెండు వంతుల మంది తీర్మానం చేయాలి, సుప్రీంకోర్టు విచారించి తప్పు తేల్చాలి, మళ్లీ మూడింట రెండు వంతుల మంది ఓటేయాలి. అదీ రాజ్యాంగాన్ని కావాలని ఉల్లంఘించడం, దేశద్రోహం, లంచం లాంటి నేరాలకు. చేతకానితనం ఆ జాబితాలో లేదు. అంటే ఇంట్లో పొయ్యి వెలగనివాళ్లు చట్టం ప్రకారం ఇంకో రెండున్నరేళ్లు ఓపిక పట్టాలి.

ఇక్కడ నా మొగ్గు రోడ్డు మీదున్నవాళ్ల వైపే. కారణం వాళ్ల సంఖ్య కాదు. కొలంబోలో నిరసన శిబిరం వెలసిన గాల్ ఫేస్ మైదానంలో ఎంతమంది పట్టినా 69 లక్షలతో పోటీకి రాదు. కారణం వాళ్లు అడిగిన దాంట్లో ఉంది. ‘గోటా గో హోమ్’ అన్నారు. ఇంటికి పొమ్మన్నారు, అంతే. ఆ కుర్చీలో మేం కూర్చుంటామని గానీ, ఫలానా మనిషిని కూర్చోబెట్టమని గానీ ఆ నినాదంలో లేదు. జనం తిరుగుబాటుకు పాలకుణ్ణి దించే అర్హత అప్పుడప్పుడు ఉంటుంది. ఇంకొకరిని ఎక్కించే అర్హత మాత్రం ఎప్పుడూ ఉండదు. ఈ రెండూ ఒకటేననుకున్న చోటల్లా కథ అడ్డం తిరిగింది.

ఫిలిప్పీన్స్‌లో ఈ తేడా ఒకే రోడ్డు మీద కనిపిస్తుంది. 1986 ఫిబ్రవరి 7న అప్పటి అధ్యక్షుడు మార్కోస్ హడావుడిగా ఎన్నికలు పెట్టారు. రెండు రోజులకే ఓట్ల లెక్కింపు కేంద్రంలో కంప్యూటర్ల ముందు కూర్చున్న ఆపరేటర్లు 30 మందికి పైగా లేచి బయటికి వచ్చేశారు. తాము ఎక్కిస్తున్న అంకెలు వేరు, బోర్డు మీద కనిపిస్తున్న అంకెలు వేరు అన్నారు. ఆ తర్వాత మనీలాలోని ఎడ్సా రహదారి మీదికి లక్షల మంది వచ్చారు. మార్కోస్ దేశం వదిలి పారిపోయారు, ఆయన మీద పోటీ చేసిన కొరజాన్ అక్వినో అధ్యక్షురాలయ్యారు. అక్కడ జనం ఓటును తోసిపుచ్చలేదు. తాము వేసిన ఓటును లెక్కపెట్టమన్నారు.

పదిహేనేళ్ల తర్వాత అదే రోడ్డు. ఈసారి అధ్యక్షుడు జోసెఫ్ ఎస్ట్రాడా, ఒకప్పటి సినిమా హీరో. 1998లో దాదాపు 40 శాతం ఓట్లతో స్పష్టంగా గెలిచారు, పేదలకు దేవుడు. జూదం ముడుపుల కేసులో సెనేట్ ఆయన్ను విచారిస్తోంది. 2001 జనవరి 16న ఒక సాక్ష్యం కవరును తెరవకూడదని 11-10 ఓట్లతో తేల్చారు. టీవీలో అది చూసిన జనం ఆ రాత్రే ఎడ్సా చేరారు. నాలుగు రోజుల్లో సైన్యం పక్కకు తప్పుకుంది, ఎస్ట్రాడా భవనం వదిలి వెళ్లిపోయారు, ఉపాధ్యక్షురాలు అరోయో ప్రమాణం చేశారు. రాజీనామా పత్రం మాత్రం ఎక్కడా లేదు. ఆయన నడవడికను బట్టి రాజీనామా చేసినట్టేనని సుప్రీంకోర్టు తర్వాత తీర్పు చెప్పింది. అందుకు ఆధారాల్లో ఒకటి, ఆయన కార్యనిర్వాహక కార్యదర్శి రాసుకుంటే పత్రికలో అచ్చయిన డైరీ. చట్టం చేతిలో కాగితం లేనప్పుడు ఎంత దూరం వెళ్లి వెతుక్కోవాల్సి వస్తుందో చూడండి.

ఈ కథలో చాలామంది మరిచిపోయే భాగం ఆ తర్వాతది. ఏప్రిల్ చివర్లో ఎస్ట్రాడాను అరెస్టు చేశారు. అప్పుడు మురికివాడల నుంచి ఆయనకు ఓటేసిన జనం కదిలారు. వాళ్లూ అదే ఎడ్సాకు వచ్చారు, వాళ్లూ రోజుల తరబడి అక్కడే ఉన్నారు. మే 1న అధ్యక్ష భవనం మీదికి వెళ్లారు. ఈసారి సైన్యం పక్కకు తప్పుకోలేదు. అరోయో ‘తిరుగుబాటు స్థితి’ ప్రకటించారు, పోలీసులు అణచేశారు. జనవరిలో వచ్చిన మధ్యతరగతి జనాన్ని ‘ప్రజాశక్తి’ అన్న నోళ్లే మే నెలలో వచ్చిన పేదల్ని అల్లరి మూక అన్నాయి. ఏ గుంపు ప్రజలు, ఏ గుంపు మూక అన్నది ఎవరు తేల్చాలి? బ్యాలెట్ పెట్టెకు ఉన్న గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. అందులో పడ్డ కాగితానికి ఒంటి మీది బట్టలు ఉండవు. ఎస్ట్రాడా 2007లో అవినీతి కేసులో దోషిగా తేలారు, క్షమాభిక్ష పొందారు, 2010 అధ్యక్ష ఎన్నికల్లో రెండో స్థానంలో నిలిచారు. ఆయన ఓటర్లు ఆయన్ను వదల్లేదు.

ఈజిప్టు కథ ఇంకా చేదు. మొహమ్మద్ మోర్సీ 2012 జూన్‌లో 51.7 శాతం ఓట్లతో గెలిచారు. అయిదు నెలలు తిరక్కుండానే తన నిర్ణయాలను ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ఉత్తర్వు తెచ్చారు. సన్నగా గెలిచినవాడు సర్వం గెలిచినట్టు ప్రవర్తిస్తే ఏమవుతుందో అదే అయింది. ‘తమరోద్’ అనే ఉద్యమం పుట్టింది. ఆ మాటకు అర్థమే తిరుగుబాటు. 2.2 కోట్ల సంతకాలు సేకరించామన్నారు, వాటిని బయటివాళ్లెవరూ లెక్కపెట్టి చూడలేదు. వాళ్లు అడిగింది ముందస్తు అధ్యక్ష ఎన్నికలు. న్యాయమైన కోరికే. 2013 జులై 3న వాళ్లకు దక్కింది మాత్రం సైన్యం. ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో మోర్సీ మద్దతుదారుల మీద కాల్పుల్లో వందల మంది చనిపోయారు. మరుసటి ఏడాది, మోర్సీని దించిన సైన్యాధిపతి సిసీ 96.9 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యారు. 51.7 నచ్చని జనానికి 96.9 వచ్చిపడింది.

బంగ్లాదేశ్ విషయంలో షేక్ హసీనా ‘ఎన్నికైన’ ప్రధాని అనే మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. 2014 ఎన్నికల్లో 300 సీట్లలో 153 చోట్ల పోటీయే లేదు. పోలింగ్ మొదలవ్వకముందే మెజారిటీ వచ్చేసిందన్నమాట. 2024 జనవరిలోనూ ప్రధాన ప్రతిపక్షం బరిలో లేదు. ఓటుతో దించే దారి మూసేశాక, అదే ఏడాది జులైలో విద్యార్థులు రోడ్డెక్కితే, ఎన్నికల దాకా ఆగమని చెప్పే మొహం ఎవరికుంటుంది? అణచివేతలో 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం లెక్కగట్టింది. ఆగస్టు 5న ఆమె దేశం విడిచారు.

అసలు తమాషా ఇక్కడుంది. ఎన్నికల ముందు తటస్థ ఆపద్ధర్మ ప్రభుత్వం ఉండాలని 1990ల్లో హర్తాళ్లు చేసి సాధించుకున్నది హసీనా పార్టీయే. 2011లో దాన్ని రాజ్యాంగం నుంచి తీసేసిందీ ఆమె ప్రభుత్వమే. ఆమె వెళ్లిపోయిన నాడు దేశానికి కావాల్సింది సరిగ్గా ఆ ఏర్పాటే, అది లేదు. ముహమ్మద్ యూనస్ తాత్కాలిక ప్రభుత్వం సుప్రీంకోర్టు అభిప్రాయం ఆసరాగా ఏర్పడింది. పార్లమెంటు రద్దయ్యాక 90 రోజుల్లో ఎన్నికలు జరగాలన్న నిబంధన గడువు మధ్యలోనే దాటిపోయింది. ఇలాంటి ప్రభుత్వానికి మొదటి రోజు ఉన్నంత పరపతి ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. అందులో ఎంత మంచివాళ్లున్నా అంతే.

మళ్లీ కొలంబోకి వద్దాం. గోటాబయ మాల్దీవుల మీదుగా సింగపూర్ చేరి జులై 14న ఈమెయిల్లో రాజీనామా పంపారు. జులై 20న పార్లమెంటు రణిల్ విక్రమసింఘేను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆయన 2020 ఎన్నికల్లో సొంత సీటే ఓడిపోయిన మనిషి. 225 మందిలో ఆయన పార్టీకి ఉన్నది ఒకే ఒక్క సీటు. 134 ఓట్లు వేసినవాళ్లలో ఎక్కువమంది రాజపక్స పార్టీవాళ్లే. చట్టప్రకారం వేలెత్తి చూపడానికి లేదు. జనం మాత్రం ముఖాలు చూసుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే తెల్లవారకముందు సైన్యం గాల్ ఫేస్ శిబిరం మీద పడింది. ఆ తర్వాత డబ్బు లేదంటూ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. అలా చేయడం ప్రాథమిక హక్కుల ఉల్లంఘనేనని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన పనితనాన్ని తీసిపారేయలేం. ఐఎంఎఫ్ రుణం తెచ్చారు, 70 శాతానికి చేరిన ధరల పెరుగుదలను ఏడాదిలోపే ఒక అంకెకు దించారు. అయినా 2024 సెప్టెంబర్‌లో ఓట్లడిగితే మూడో స్థానం, 17 శాతం. క్యూలు పోయినందుకు ఆయనకు థ్యాంక్స్ చెప్పారు గానీ ఓటు వేయలేదు.

గెలిచింది వామపక్ష నేత అనురా కుమార దిసనాయకే. 2019లో ఆయనకు వచ్చింది 3 శాతం. 2022లో పార్లమెంటులో రణిల్ మీద నిలబడితే పడ్డవి మూడే ఓట్లు. ఉద్యమ సమయంలో ఆయన పార్టీ జనంలోనే ఉంది. ఆ ఊపులో ఆయన్ను ఎత్తుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే అది 3 శాతం మనిషి ప్రభుత్వం అయ్యేది. రెండేళ్లు ఆగి, 42 శాతంతో వచ్చారు. తర్వాత రెండు నెలలకే పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమికి 159 సీట్లు వచ్చాయి. ఆ ఆగిన రెండేళ్లే ఆయన కుర్చీకి గట్టి కాలు అని నా లెక్క.

మధ్యలో దించే దారి చట్టంలోనే ఉంటే ఇంత రక్తం, ఇంత టెన్షన్ అక్కర్లేదు. వెనెజువెలా రాజ్యాంగంలో ఆ దారి ఉంది. సగం పదవీకాలం అయ్యాక 20 శాతం ఓటర్లు సంతకాలు చేస్తే రీకాల్ ఓటింగ్ పెట్టాలి. 2002లో అధ్యక్షుడు చావెజ్‌ను సైనిక కుట్రతో దించితే రెండు రోజుల్లో తిరిగొచ్చారు. 2004లో రీకాల్ ఓటింగ్‌లో దాదాపు 59 శాతం ఆయన్ను ఉండమన్నారు. నచ్చనివాళ్లకు గొడవ చేయడానికి గట్టి సాకు లేకుండా పోయింది. 2016లో ఆయన తర్వాత అధ్యక్షుడైన మదురో మీద సంతకాల సేకరణ మొదలైతే ఎన్నికల సంఘం మధ్యలో ఆపేసింది. మరుసటి ఏడాది వీధుల్లో వందమందికి పైగా చనిపోయారు. అదే దేశం, అదే నిబంధన.

శ్రీలంకలో సర్వాధికారాల అధ్యక్ష పదవినే రద్దు చేస్తామని అనురా ఎన్నికల్లో మాటిచ్చారు. 225లో 159 అంటే మూడింట రెండు వంతుల పైమాటే, రాజ్యాంగం మార్చడానికి పార్లమెంటులో కావాల్సిన బలం అది. ఆ మార్పు జరిగేదాకా, ఆయన మీద జనానికి కోపం వచ్చిన రోజున చట్టంలో దొరికే దారి గోటాబయ కాలంలో ఉన్నదే: తీర్మానం, కోర్టు, మళ్లీ తీర్మానం. ఆ తీర్మానాలకు కావాల్సిన మూడింట రెండు వంతులు ఇప్పుడు ఆయన కూటమి చేతిలోనే ఉన్నాయి.