రేసులో వాట్లు కనిపించాలా?

(హనుమకొండ నుంచి ములుగు రోడ్డు మీద పొద్దున్నే సైకిళ్లు తొక్కే ఇద్దరి వాదన ఇది. సదన్న ఏళ్లుగా టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూస్తున్నవాడు. కిరణ్ తన సైకిల్‌కు ఈమధ్యే పవర్ మీటర్ పెట్టించుకున్నాడు.)

కిరణ్: ప్రొఫెషనల్ రేసుల్లో పవర్ మీటర్ తీసేయాలంటావేందన్నా? పెడల్‌ను మోసే క్రాంకుకు అంటించిన సన్నటి గేజీ అది. కాలు నొక్కినప్పుడు లోహం రవ్వంత వంగితే పసిగట్టి, ఎన్ని వాట్ల శక్తితో తొక్కుతున్నావో చెప్తుంది. షోబెరర్ అనే జర్మన్ ఇంజనీరు 1986లో మొదలుపెట్టాడు. ఇన్నేళ్లకు దాని మీద కోపమెందుకు?

సదన్న: కోపం మీటర్ మీద కాదు తమ్మీ, రేసులో కళ్ల ముందుండే తెర మీద. ట్రైనింగ్‌లో ఎంతైనా చూసుకోనీ. బ్రిటన్ రైడర్ ఫ్రూమ్ కొండ ఎక్కడం గుర్తుందా? మోచేతులు బయటికి, తల కిందికి, చూపంతా హ్యాండిల్ మీదే. ఎవడైనా ముందుకు దూకితే వెంటపడే పనే లేదు. వాడు ఆ ఊపులో ఎక్కువసేపు నిలవలేడని తెర మీది తన వాట్ల అంకె చూస్తే తెలిసిపోతుంది. టీమంతా ఒకే లెక్కలో లాగుతూ పోతే కాసేపటికి వాడే దొరుకుతాడు. అది లేకపోతే టెన్షన్ ఉంటుంది. వదిలేస్తే పోతాడేమో, వెంటపడితే నా కాళ్లే ఆగిపోతాయేమో అని. ఆ క్షణంలో తేల్చుకోవడమే రైడర్ విద్య, మనం చూసేది దానికోసమే. కింటానా, కొంటాడోర్ లాంటి కొండల వీరులే తీసేయమన్నారు. టూర్ డైరెక్టర్ ప్రూదోమ్ మాటా అదే.

కిరణ్: ఫ్రూమ్ చేతిలో ఓడినవాళ్లు ఇంకేమంటారు? 2024 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్లొవేనియా రైడర్ పొగాచర్ ఇంకా 100 కిలోమీటర్లు ఉండగానే దూకి గెలిచాడు. మీటర్ ఆపిందా?

సదన్న: అతను అందరికంటే బలవంతుడు, అంకెలూ అతని వైపే. నేనడిగేది వెనకబడినవాడి సంగతి.

కిరణ్: సరే, 2018లో ఇటలీలో జరిగిన జిరో రేసు. నువ్వు తిట్టే ఫ్రూమే నాలుగో స్థానంలో, మూడు నిమిషాలకు పైగా వెనకున్నాడు. 80 కిలోమీటర్లు ఒంటరిగా పోయి, అందరికంటే ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీ లాక్కున్నాడు.

సదన్న: ఆ రోజుకు నా దగ్గర జవాబు లేదు. కానీ అప్పటికే నాలుగు టూర్‌లు గెలిచినవాడు, మామూలు రైడర్ కాదు.

కిరణ్: అసలు ఆట పాడుచేసేది టీమ్ కారు నుంచి సంగతులు చెప్పే చెవిలో రేడియో అన్నా. టోక్యో ఒలింపిక్స్ మహిళల రేసులో రేడియో లేదు. కీసెన్‌హోఫర్ ముందే గెలిచేసిందని తెలియక రెండో స్థానంలో వచ్చిన వాన్ వ్లూటెన్ చేతులెత్తి సంబరపడింది!

సదన్న: పాపం, ఆమెకు అది అన్యాయం కాదా? ముందు ఎవరున్నారో తెలియాలి కదా.

కిరణ్: చూశావా, రేడియో కావాలంటావు, తెర వద్దంటావు!

సదన్న: అవును. ముందు ఎవరున్నారన్నది రేసు సమాచారం. నా కాళ్లలో ఎంత మిగిలిందో నేనే తెలుసుకోవాలి. ప్రపంచ సైక్లింగ్ సంస్థ యూసీఐకి ఇది కొత్త కాదు. గంటలో ఎంత దూరం తొక్కారో చూసే అవర్ రికార్డులో రైడర్‌కు వాట్లు కనిపించనివ్వరు. ఒంట్లో చక్కెర చూపే సెన్సర్లనూ 2021లో రేసుల్లో ఆపేశారు. మీటర్ సైకిల్‌కే ఉండనీ, లెక్కలు రికార్డు కానీ, సాయంత్రం కోచ్ చూసుకోనీ.

కిరణ్: పోనీ, కొండల స్టేజీల్లో ఒక సీజన్ తెర మూసి చూడమను. టైమ్ ట్రయల్‌లో మాత్రం ఉండాల్సిందే. అక్కడ దూకేవాడూ లేడు, పట్టుకునేవాడూ లేడు.

సదన్న: ముందు మూయాల్సింది అక్కడే తమ్మీ. ఒంటరిగా, గడియారంతో పోటీ పడేటప్పుడు తన ఊపిరిని తాను అంచనా వేసుకోవడం తప్ప ఆ రేసులో ఇంకేముంది?