ఎక్స్‌రే బాగుందన్నారు, మరి నొప్పెందుకు?

ఇది పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద జరిగిన వాదన. మా వాడికి 15 ఏళ్లు, కుడిచేతి ఫాస్ట్ బౌలర్. నెల్లాళ్లుగా నడుం ఎడమపక్క నొప్పంటున్నాడు. వాడికి బంతి పట్టుకోవడం నేర్పింది మా బావమరిది. మా పెద్దమ్మాయి బరంపురంలో ఫిజియోథెరపిస్టు. ఆదివారం ఫైనల్ ఉంది.

మావయ్య: ఎక్స్‌రే తీయించాం, ఎముక బాగుందన్నారు. నరం పట్టేసింది, అంతే. నాలుగు రోజులు నూనె రాసి మర్దన చేస్తే పోతుంది.

అమ్మాయి: నరం పట్టేస్తే ముందుకి వంగినా నొప్పి పుట్టాలి కదా మావయ్యా. వీడు చెప్పులు తొడుక్కోడానికి హాయిగా వంగుతున్నాడు. ఎడమకాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నాను, ముఖం మాడిపోయింది. ఎక్కడరా అంటే ఒక్క వేలితో చూపించాడు. ఎముకలో పగులేమోనని నా అనుమానం.

మావయ్య: దెబ్బ తగలందే ఎముక ఎలా విరుగుతుంది?

అమ్మాయి: చేద పిడి ఏ రోజు విరిగిందో చెప్పగలవా? రోజూ నీళ్లు తోడగా తోడగా సన్నటి గీత పడుతుంది. నడుములో 5 పూసలున్నాయి. ఒక్కో పూస వెనక, పై కీలుకీ కింది కీలుకీ మధ్య వంతెనలా సన్నటి ఎముక ఉంటుంది. బంతి వేసేటప్పుడు నడుం వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, తిరుగుతుంది. ఆ బరువంతా దాని మీదే పడుతుంది, ఎక్కువగా అయిదో పూస మీద. కుడిచేతి బౌలర్లకి తరచూ ఎడమపక్కే పగులుతుంది. పెరిగే వయసులో ఆ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. అక్కడ పడే పగులునే స్పాండిలోలైసిస్ అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎముక లోపలి వాపుని ఎమ్మారై పట్టిస్తుంది.

మావయ్య: అలాంటి పగుళ్లు చాలామందికి ఉంటాయట, నొప్పే తెలీదట. ఎమ్మారైకి బరంపురం ప్రయాణం, వేల రూపాయల ఖర్చు. తీరా ఏదో గీత కనిపించిందని పిల్లాణ్ని మంచానికి కట్టేస్తారా?

(ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఖర్చు సంగతి నాకూ గుబులే.)

అమ్మాయి: నిజమే, నూటికి సుమారు 6 మందికి ఉంటుంది. వీడికి నొప్పి ఉంది, అదీ తేడా. మంచానికి కట్టేయమని ఎవరన్నారు? నడవనీ, బడికి పోనీ. ఆపాల్సింది ఆట. ఒకపక్కే, కొత్తగా పడిన పగులైతే అతుక్కునే అవకాశం బాగా ఉంటుంది. ఇలాగే వేస్తూ పోతే రెండోపక్కా పగలొచ్చు, పూస ముందుకి జారొచ్చు. పాతబడిన పగులు అతుక్కోవడం కష్టం.

మావయ్య: బుమ్రాకీ 2019లో వచ్చింది, మళ్లీ ఆడలేదా?

అమ్మాయి: ఆడాడు, ఆట ఆపి నయమయ్యాక. 2022లో వీపు మళ్లీ తిరగబెట్టి టీ20 ప్రపంచకప్‌కి దూరమయ్యాడు. 2023లో ఆపరేషన్ అయ్యాక ఆగస్టులో గానీ మైదానంలోకి రాలేదు. అంత పెద్ద వైద్యబృందం ఉన్నవాడికే అన్నాళ్లు పట్టింది. మనవాడికి నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారు?

మావయ్య కాసేపు మాట్లాడలేదు. గోడ వారన వాడి స్పైక్స్ బూట్లు ఉన్నాయి, ఎడమదాని మడమ ఓ పక్కకి అరిగిపోయి.

మావయ్య: ఎన్నాళ్లు ఆపాలి?

అమ్మాయి: పగులని తేలితే మామూలుగా 3 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తర్వాత పొట్ట, నడుం కండరాలకి వ్యాయామాలు. బౌలింగ్ మాత్రం ఓవరో రెండో అంటూ మెల్లగా. చాలామంది పిల్లలకి ఆపరేషన్ అవసరమే రాదు.

మావయ్య: ఏమీ లేదంటే?

అమ్మాయి: నేనే బంతి తెచ్చి వాడి చేతిలో పెడతాను. ఈలోగా కాలు తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఎమ్మారై తేదీ కోసం చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకొచ్చేయండి.

మావయ్య: ఆదివారం మ్యాచ్‌కి మాత్రం వాణ్ని తీసుకెళ్తాను. బౌండరీ దగ్గర కూచుని స్కోరు రాస్తాడు.

అమ్మాయి: కుర్చీ కూడా తీసుకెళ్లు మావయ్యా.