పట్టా లేనివాడి ప్రోగ్రాం నడుస్తుందా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి డిగ్రీ అక్కర్లేదని బెంగళూరు మారతహళ్లి ఆంధ్రా మెస్సుల్లో కొందరు కుర్రాళ్లు బహిరంగంగానే మాట్లాడుకుంటున్నట్టు తెలిసింది. ముద్దపప్పు, గోంగూర అడిగినంత వడ్డించే చోట విప్లవ భావాలు పుట్టడం సహజమే. అయినా బాధ్యత గల పౌరులుగా వాటిని మొగ్గలోనే తుంచడం మన కర్తవ్యం.

ప్రోగ్రాం నడిపే ముందు కంప్యూటర్ మార్కుల జాబితా అడగదన్నది వాళ్ల వాదన. నిజమే. కోడులో సెమికోలన్ గుర్తు ఒక్కటి మరిచిపోతే బంగారు పతకం తెచ్చుకున్నవాడినీ, ఇంటర్ తప్పినవాడినీ అది ఒకే తీరున తప్పుపడుతుంది. యంత్రానికి తరతమ భేదాలు తెలియవు. ఆ లోటు పూడ్చడానికే కదా మానవ వనరుల విభాగాన్ని పెట్టుకున్నాం!

చాలా కంపెనీలకు పదో తరగతి నుంచి బీటెక్ దాకా 60 శాతం తగ్గకూడదన్న నియమం ఉంది. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో నదుల పేర్లు తడబడినవాడికి డేటాబేస్ ఎలా అప్పగిస్తాం? బ్రాంచి విషయంలో మాత్రం మహా ఔదార్యం. బాయిలర్ల గురించి నాలుగేళ్లు చదివిన మెకానికల్ కుర్రాడు బ్యాంకు లావాదేవీల కోడు రాయవచ్చు. పునాదులు, దూలాలు చదివినవాడు బీమా పాలసీలు చూసుకోవచ్చు. చేరాక ఎలాగూ నెలల తరబడి అందరికీ మొదటి నుంచి నేర్పిస్తారు. మరి ఆ నాలుగేళ్లు ఎందుకని అడిగేవాళ్లకు సహనం తక్కువ.

బిల్ గేట్స్ చదువు మానేయలేదా అని ఎదురు ప్రశ్న వేస్తారు. 1975లో హార్వర్డ్ వదిలి వెళ్లిన మాట వాస్తవం. 2007లో అదే విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇస్తే, ఎప్పటికైనా తిరిగొచ్చి డిగ్రీ తీసుకుంటానని చెప్పానుగా అని వేదిక మీద నుంచే తండ్రికి గుర్తుచేశాడు. ప్రపంచ కుబేరుడికే నాన్న దగ్గర ఆ బాకీ మిగిలిపోయిందంటే, ప్రొద్దుటూరు కుర్రాడి సంగతి చెప్పాలా? మన బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ సైతం 1966లో తండ్రి మరణంతో స్టాన్‌ఫర్డ్ చదువు మధ్యలో ఆపినా, ఎన్నో ఏళ్ల తర్వాత పూర్తిచేసి పట్టా తీసుకున్నారు. ఆయన కంపెనీ విప్రో బీఎస్సీ, బీసీఏ వాళ్లను చేర్చుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తుంది. చెన్నై సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో మాత్రం బడి చదువు ముగిసిన పిల్లలకు స్టైపెండ్ ఇచ్చి, తానే నేర్పి ఉద్యోగంలోకి తీసుకుంటోంది. ఇది తల్లిదండ్రుల చెవిన పడకుండా జాగ్రత్తపడాలి.

పట్టా విలువను తూకం వేసి మరీ చెప్పింది అమెరికా. అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్‌1బీ వీసాకు డిగ్రీ ఉండాలి. లేకపోతే కాలేజీలో చదవని ఒక్కో ఏడాదికి మూడేళ్ల పని అనుభవం చూపించాలి. అంటే నాలుగేళ్ల చదువుకు పన్నెండేళ్ల చాకిరీ సమానం. సీనియర్ల రికార్డులు చూసి రాసుకోవడం, హాజరు తగ్గితే కట్టే జరిమానా, పరీక్షకు ముందు రాత్రి గైడుతో చేసే జాగరణ... వీటన్నిటికీ ఇంత గౌరవం దక్కుతుందని మా లెక్చరర్లే ఊహించి ఉండరు. ఆ లెక్కన క్యాంటీన్‌లో గడిపిన ఒక్క సెమిస్టరు ఏడాదిన్నర కోడింగుకు సాటి. దీన్ని కాదనడం అంతర్జాతీయ సంబంధాలకు మంచిది కాదు.

అసలు ఇంటర్వ్యూ జరిగేది పెళ్లిచూపుల్లో. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మాకు తెలిసిన ఒక కుర్రాడు ఇంటర్ తర్వాత సొంతంగా నేర్చుకుని, బీటెక్‌లు చదివిన జట్టుకు పెద్దయ్యాడు. సంబంధం వచ్చింది.

“అబ్బాయి ఏం చదివాడండీ?”

“ఇంటర్ అండీ. మిగతాదంతా సొంతంగా నేర్చుకున్నాడు. పదిహేనుమంది ఇంజినీర్లు వాడి కింద పనిచేస్తున్నారు.”

అమ్మాయి తండ్రి కాసేపు ఆలోచించారు. పాపం, సహృదయులు. “జీతం బాగానే ఉంది, మాకేం అభ్యంతరం లేదు బావగారూ. కానీ ముహూర్తం లోపల ఏదో ఒక దూరవిద్య కోర్సుకు ఫీజు కట్టమనండి. శుభలేఖలో మా అమ్మాయి పేరు పక్కన బీటెక్ అని వేయించి, అబ్బాయి పేరు పక్కన ఖాళీ వదిలితే, ప్రెస్సువాడు అచ్చుతప్పు అనుకుంటాడు.”