టామీ జారెల్‌కు గుర్తింపు ఆలస్యం కాలేదు

అమెరికా పాతకాలపు పల్లె ఫిడేలు గురించి ఎవరు రాసినా, టామీ జారెల్ దగ్గరకు వచ్చేసరికి "పాపం, అరవై దాటితేగానీ ఆయనకు గుర్తింపు రాలేదు" అంటారు. ఈ జాలితో నాకు పేచీ ఉంది.

1901లో నార్త్ కరోలినాలోని సర్రీ కౌంటీలో, రౌండ్ పీక్ ప్రాంతంలో పుట్టిన జారెల్, రాష్ట్ర రహదారుల శాఖలో రోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతూ ఏళ్ళ తరబడి పనిచేసి, 1966లో ఉద్యోగ విరమణ చేశారు. తండ్రి బెన్ జారెల్ 1927లోనే జెనెట్ కంపెనీకి రికార్డులు ఇచ్చినవారు కాబట్టి, రికార్డుల లోకం ఆ ఇంటికి తెలియనిది కాదు. అయినా కొడుకు ఫిడేలును బతుకుతెరువు చేసుకోలేదు. ఆ ఊళ్ళలో ఫిడేలు, బాంజో ఇరుగుపొరుగువారి నృత్యాల కోసం, క్రిస్మస్ రోజుల్లో ఒక ఇంటి తర్వాత మరో ఇంట్లో జరిగే విందుల కోసం మోగేవి. రేడియోకూ వేదికకూ తగ్గట్టు వాయింపును నునుపు చేసుకోవలసిన అగత్యం ఆయనకు రాకపోవడం వల్లనే ఆ బాణీ గరుకు పోకుండా మనదాకా వచ్చిందని నా నమ్మకం.

వయొలిన్ నేర్చుకున్న నాకు మొదట తట్టింది ఆయన శ్రుతి. మామూలుగా జి, డి, ఏ, ఈ స్వరాలకు ఉండే తీగలలో కింది స్థాయి రెండింటినీ ఒక్కో స్వరం పెంచి, కొన్ని పాటలకు ఏ, ఈ, ఏ, ఈగా బిగించేవారు. అది మన కర్ణాటక వయొలిన్‌కు పెట్టే స, ప, స, ప వరుసే! కమాను పాట నడిచే తీగతో పాటు పక్క తీగనూ ఒరుసుకుంటూ పోతుంటే, తంబురా అదే వాయిద్యంలో కూర్చున్నట్టుంటుంది. తోడుగా ఎవరూ లేకున్నా నృత్యానికి ఒక్క ఫిడేలు చాలడం వెనుక ఈ అమరికకు పెద్ద పాలే ఉంది.

1967లో భార్య పోయాక, టోస్ట్ అనే ఊళ్ళోని ఆయన ఇంటికి ఎక్కడెక్కడి యువకులో వచ్చారు. వాళ్ళను ఇంట్లో ఉంచుకుని, భోజనం పెట్టి, పాటతో పాటు ఆ పాట తనకు ఎవరి నుంచి వచ్చిందో కూడా చెప్పేవారు. 1982లో అమెరికా ప్రభుత్వం జాతీయ వారసత్వ పురస్కారాలు మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే ఆయన పేరు ఉంది, 1985లో కన్నుమూశారు. ఆ పురస్కారం గురించి పేజీలు రాసేవారు గ్రేడర్ నడిపిన ఏళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆ ఏళ్ళ గురించే ఇంకా చదవాలని ఉంది.