పొగ మానిపించే పని నర్సులకు అప్పగించండి

సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేశాం. బహిరంగ ప్రదేశాల్లో పొగను 2008లోనే నిషేధించాం. ఇక మిగిలింది, మానేద్దామనుకున్న మనిషికి తోడుగా నిలబడటం. అక్కడే చేతులెత్తేశాం. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం, ఏడాదిలో వైద్య సిబ్బందిని కలిసిన పొగరాయుళ్లలో 48.8 శాతానికే మానమన్న సలహా దొరికింది.

ఆయాసంతోనో గుండె నొప్పితోనో వార్డులో చేరిన బీడీ అలవాటున్న పెద్దాయనను తీసుకోండి. రెండో రోజుకు నిద్ర పట్టదు, అన్నం సయించదు, అయినవాళ్ల మీద విసుక్కుంటాడు. జబ్బు ముదిరిందని ఇంటివాళ్లు కంగారుపడతారు. నిజానికి చాలావరకు అది నికోటిన్ అందని ఒంటి గొడవ. మొదటి రెండు మూడు రోజుల్లోనే తీవ్రంగా ఉంటుంది. డాక్టరు రౌండ్స్‌లో ‘పొగ మానెయ్యాలి’ అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. అర్ధరాత్రి ఆ గొడవ చూసేది నైట్ డ్యూటీ నర్సు. ‘లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ వెలిగిస్తారు బాబాయ్?’ అని ఆమె అడిగితే చాలు. ‘అరగంటలోపే’ అంటే వ్యసనం గట్టిదే. మానడానికి ఇంతకన్నా అనువైన సమయం మళ్లీ రాదు. మనిషి భయపడి ఉన్నాడు, చేతిలో అగ్గిపెట్టె లేదు, అడిగే మనిషి పక్కనే ఉంది.

ఇది నా ఊహ కాదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2017లో 44 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, నర్సుల సలహా, తోడ్పాటు అందినవారు మానేసే అవకాశం సుమారు 29 శాతం ఎక్కువని తేలింది. ఇక ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే, అంటే నిప్పు కొసను నోట్లో పెట్టుకునే పెద్దవయసు ఆడవాళ్ల సంగతి. ఆడమనిషి కదా అని పొగ ప్రశ్నే దాటేసే చోట, ఆ వేడికి అంగిలి మీద పడే, క్యాన్సర్‌కు దారితీయగల మచ్చను ఎవరు చూస్తారు?

నర్సులకు ఉన్న పనే ఎక్కువంటారు. ఒప్పుకుంటాను. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్న ప్రమాణం ఎక్కడ అమలవుతోందో నాకూ తెలియదు. అయితే ముందు ఆమె చేతిలోంచి రిజిస్టర్లు, ఇండెంట్లు (మందులు, సామాన్లు కోరే పత్రాలు) తీసేయండి.

అసలు చిక్కు వేరు. ఆమె వేసిన ఇంజెక్షన్ కేస్ షీట్‌కు ఎక్కుతుంది, పావుగంట మాట్లాడింది ఎక్కదు. పొగ మానడానికి నమిలే రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్‌ను ఎవరైనా మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. నాలుగేళ్లు నర్సింగ్ చదివినామె మాత్రం దాన్ని రోగికి ఇవ్వాలంటే డాక్టరు సంతకం కోసం ఆగాలి. బ్రిటన్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ రాస్తున్నారు. మన దగ్గర నర్సు తెలివిని మందుగా ఒప్పుకోవడానికి ఇంకా మనసు రావడం లేదు. పొగ ఒక్కటే కాదు, మధుమేహం, బాలింత సంరక్షణ, అన్నిటా ఇదే తంతు.

నికోటిన్ మందులు 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరాయి. వాటిని వార్డు అల్మారాలో పెట్టి తాళం నర్సుకివ్వండి. కేస్ షీట్‌లో బీపీ పక్కన పొగాకు గడి పెట్టండి. డిశ్చార్జి తర్వాత కనీసం నెల రోజులు ఆమె రోగికి ఫోను చేయాలి. ఆ ఫోన్లకు పట్టే సమయాన్ని డ్యూటీ చార్టులో చూపించాలి, లేకుంటే ఆ ఫోన్లు కూడా ఆమె భోజన విరామంలోనే జరుగుతాయి.